వయసు చెల్లని చోటు

ఏ ఊరి బస్టాండులో పుస్తకాల దుకాణం ముందు నిలబడినా వ్యక్తిత్వ వికాసం ఎవరి కోసమో ఇట్టే తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో తడబడకుండా మాట్లాడటం, పోటీ పరీక్షకు జ్ఞాపకశక్తి పెంచుకోవడం, ముప్ఫై నిండకుండానే కోటీశ్వరుడు కావడం: అట్టలన్నీ పాతికేళ్లవాళ్లనే పిలుస్తుంటాయి. అరవై దాటినవాళ్లకు పక్క వరసలో భక్తి పుస్తకాలుంటాయి, షుగరూ బీపీ పుస్తకాలుంటాయి. మనిషి స్వభావం ఆ వయసుకల్లా గట్టిపడిపోతుందనీ, ఇక మిగిలింది ఒంటిని కాపాడుకోవడం, పుణ్యం కూడబెట్టుకోవడమేననీ రాసేవాళ్లూ అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అందరూ ఒప్పేసుకున్నట్టుంది. నేను ఒప్పుకోను. అరవై తర్వాత కూడా మనిషి ఎదుగుతాడు. కొందరిలో ఆ ఎదుగుదల అంతకుముందు నలభై ఏళ్లలో రానంత వస్తుంది. అయితే వయసు మీదపడినంత మాత్రాన దానంతటది రాదు. ఇంట్లో తన అవసరం ఉండాలి. ఇంటి బయట, తన వయసుకూ పాత హోదాకూ ఏ చెల్లుబాటూ లేని చోట, సొంత చేతులతో చేసే పని ఒకటి ఉండాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి సరిదిద్దుతాయి. ఏ ఒక్కటే ఉన్నా మనిషి ఎదగడం కంటే బిగుసుకుపోవడమే ఎక్కువ. ఈ మాట నిలుస్తుందో లేదో చూడటానికి నిజామాబాద్ జిల్లాలోని బోధన్ చక్కెర ప్రాంతం కంటే మంచి చోటు నాకు తోచలేదు.

ఎందుకంటే బోధన్‌లో దాదాపు ఊరు ఊరంతా ఒకేసారి రిటైరైంది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఆ కాలువల కింద చెరకు పెరిగింది. 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. దాన్ని ఆనుకుని శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ మిల్లు మనుషులకు జీతం ఒక్కటే ఇవ్వలేదు, పిలుచుకునే పేర్లు కూడా ఇచ్చింది. ల్యాబులో పనిచేసినాయన కెమిస్ట్ సారు, మిషన్లు బాగుచేసినాయన ఫిట్టర్ సాబ్, ఏ రైతు ఏ రోజు చెరకు కొట్టాలో చెప్పినాయన రైతుల పాలిట పెద్ద దొరే. 2002లో మిల్లు ప్రైవేటు చేతుల్లోకి పోయింది. చాలామంది స్వచ్ఛంద విరమణ తీసుకుని బయటికొచ్చారు. మిగిలినవాళ్లకు 2015 డిసెంబరులో లే ఆఫ్ నోటీసు అంటించారు. యాభై నిండనివాళ్లు కూడా ‘మాజీ’లైపోయారు. చెరకు చేలు వరి మళ్లయ్యాయి. మళ్లీ తెరిపిస్తామన్న హామీ మాత్రం ఎన్నికకోసారి ఊరేగింది. జీతం పోతే మనిషి ఏదో ఒకటి చేసి బతుకుతాడు, కొందరు గల్ఫ్ విమానమూ ఎక్కారు. హోదా పోవడం వేరే సంగతి. బయట చెల్లని హోదాను మగవాడు ఇంటికి తెచ్చుకుంటాడు. షిఫ్టు నడిపినట్టు ఇల్లు నడపాలని చూస్తాడు. మోటారు ఎవరు వేశారు, సిలిండరు ఎన్ని రోజులొచ్చింది, కోడలు పుట్టింటికి ఈ నెలలో రెండోసారి ఎందుకు పోతోంది. దీన్ని చెడ్డతనం అనలేం. చేసే పని పోయి, చేయించే అలవాటు మిగిలిపోవడం ఇది. ఇంట్లో పెద్దాయనకు ఎదురు చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి ఏటికేడాది ముదురుతుంది. శక్కర్‌నగర్‌కే కాదు, నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో పింఛను తీసుకుంటున్న ఏ శాఖ అధికారికైనా ఇది వర్తిస్తుంది.

ఇదే నేల మీద ఆడవాళ్లకు అసలు రిటైర్మెంటే రాలేదు. నిజామాబాద్ చుట్టుపక్కల వేల ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు గడిపారు. చాట ఒళ్లో పెట్టుకుని, తడిపి మెత్తబరిచిన తునికాకును రేకు కొలతకు కత్తెరతో కోసి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్లతో చుట్టి, మూతి మడిచి, దారం బిగించి తెంపాలి. వెయ్యి బీడీలంటే పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా అదే కదలిక. మెడ వంగిపోతుంది, కళ్లు మసకబడతాయి. అరవై ఏళ్లొచ్చేసరికి కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, కోడలు బీడీలకో కూలికో పోతుంది, మనవలు నాయనమ్మ చేతికొస్తారు. ఇక్కడొకటి గమనించాలి. సంతకం రానామె బ్యాంకులో కొడుకు పంపిన డబ్బు ఎంతుందో అడగడం నేర్చుకుంది. ఫోనులో వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని నేర్చుకుంది. బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లి టీచరు ముందు కూర్చోవడం నేర్చుకుంది. అర్ధరాత్రి పిల్లకు జ్వరమొస్తే ఎవరి ఆటో పిలవాలో, ఖలీల్‌వాడిలో ఏ డాక్టరు తలుపు కొట్టాలో తేల్చుకోవడం నేర్చుకుంది. అరవై దాటాక కొత్త విషయాలు నేర్చుకుని, కొత్త మనుషులతో వ్యవహరించి, నిర్ణయాలు తీసుకోవడాన్ని పాతికేళ్లవాడి విషయంలో వ్యక్తిత్వ వికాసమంటాం. ఆమె విషయంలో ‘పాపం ముసలామె మీద పడ్డది’ అని సరిపెడతాం. జాలి పడటం తప్పని కాదు. ఆ జాలిలో ఆమె నేర్చుకున్నదంతా కొట్టుకుపోతోంది, అదీ నా అభ్యంతరం.

వృద్ధాప్యంలో ఎదుగుదల గురించి పద్ధతిగా ఆలోచించినవాళ్లలో ఎరిక్ ఎరిక్‌సన్ ముఖ్యుడు. జీవితాన్ని ఎనిమిది దశలుగా విడదీసి 1950లో పుస్తకం రాశాడు. అందులో ఏడో దశలో మనిషి ముందున్న పని తర్వాతి తరాన్ని నిలబెట్టడం. అది చేయలేనివాడు తనలో తాను కుంచించుకుపోతాడన్నాడు. మొదట్లో దాన్ని నడివయసు పనిగా లెక్కగట్టినా, తాను ఎనభైల్లో ఉండగా భార్య జోన్‌తోనూ హెలెన్ కివ్‌నిక్‌తోనూ కలిసి 1986లో తెచ్చిన పుస్తకంలో, ఆ పని ముసలితనంలోనూ ఆగదనీ, రూపు మార్చుకుంటుందనీ చెప్పాడు. కాలిఫోర్నియాలో ఎనభై దాటిన వృద్ధులతో మాట్లాడి రాసిన పుస్తకమది. మన ఇళ్లలో దీన్ని అర్ధానికి కుదించుకున్నాం. తర్వాతి తరమంటే మన మనవలే, నిలబెట్టడమంటే మన ఇంటిపేరే. పక్కింటి పిల్లాడు కూడా తర్వాతి తరమేనన్న మాట ఎక్కడో జారిపోయింది. అది జారిపోయిన ఇంట్లో తాత ఎంత మంచివాడైనా ఆయన లోకం ఆ గుమ్మం దాటదు.

పనికొచ్చేవాడిగా ఉండటం మనిషికి మేలు చేస్తుందనడానికి ఆధారాలు తక్కువేం లేవు. 2003లో మిషిగన్ పరిశోధకులు 423 వృద్ధ దంపతులను ఐదేళ్లపాటు గమనించిన వివరాలు అచ్చువేశారు. ఇతరుల నుంచి సాయం అందుకున్నవాళ్ల కంటే ఇతరులకు సాయం చేసినవాళ్లే ఎక్కువగా బతికి ఉన్నారు. దీనికో గట్టి అభ్యంతరముంది, దాటేయకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే సేవకు బయల్దేరతారు. సేవ వల్ల ఆరోగ్యమొచ్చిందనడం పెళ్లికి వెళ్లినవాళ్లందరికీ మంచి బట్టలున్నాయి కాబట్టి పెళ్లే బట్టలిస్తుందన్నట్టు ఉంటుంది. ఆ పరిశోధకులు వయసునూ ఆరోగ్యాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. అయినా అనుమానం పూర్తిగా తీరదు. అందుకే అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగిన ప్రయత్నానికి నేను ఎక్కువ విలువిస్తాను. అక్కడ అరవై దాటినవాళ్లను చీట్లు తీసినట్టు రెండుగా విడదీసి, ఒక జట్టును వారానికి పదిహేను గంటల చొప్పున ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల చదువుకు సాయపడమన్నారు. ముందే చురుగ్గా ఉన్నవాళ్లు తమంతట తాము ఒక వైపుకు చేరే వీలు అందులో లేదు. ఆ జట్టువాళ్లలో, తర్వాతి తరానికి తాము పనికొస్తున్నామన్న భావన రెండో జట్టు కంటే పెరిగిందని తేలింది. అయితే చేసే కొద్దీ మేలు పెరుగుతూ పోదు. మెల్‌బోర్న్ ఆడవాళ్ల మీద 2014లో వచ్చిన అధ్యయనం చూడండి. వారంలో ఒకరోజు మనవలను చూసుకున్న అమ్మమ్మల జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి బాగున్నాయి. ఐదు రోజులో అంతకంటే ఎక్కువో చూసుకున్నవాళ్లు ఒక పరీక్షలో వెనకబడ్డారు. జబ్బుపడ్డ భర్తనో భార్యనో చూసుకుంటూ ఆ ఒత్తిడికి నలిగిపోయిన వృద్ధుల్లో మరణాలు 63 శాతం ఎక్కువని 1999లోనే మరో అమెరికన్ అధ్యయనం చెప్పింది. అంటే కుటుంబ బాధ్యత ఒక హద్దు దాకా మనిషిని నిలబెడుతుంది, దాటితే అరగదీస్తుంది.

కుటుంబ బాధ్యతకు ఇంకో హద్దుంది, దాని గురించి పరిశోధనలు పెద్దగా మాట్లాడవు. ఇల్లు పెద్దవాళ్లకు తప్పు చూపించదు. గౌరవం కొద్దీ చూపించదు, గొడవెందుకని చూపించదు. పదేళ్లుగా తన తప్పు ఎవరూ చెప్పని మనిషి ఎదుగుతాడంటే నమ్మలేను. బయటి పని అక్కడే అక్కరకొస్తుంది. బోధన్‌లో లయన్స్ క్లబ్ నడిపే కంటి ఆసుపత్రి ఉంది. శుక్లాల ఆపరేషన్లు, కంటి శిబిరాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆపరేషన్ డాక్టరు చేసేస్తాడు, నిమిషాల పని. అసలు కష్టం ఇంటికెళ్లాక మొదలవుతుంది. చుక్కల మందు మొదటి వారం రోజుకు ఎక్కువసార్లు, తర్వాత తగ్గించుకుంటూ కొన్ని వారాల పాటు వెయ్యాలి. కంట్లో నీళ్లు పడకూడదు, వంగి బిందె ఎత్తకూడదు, పొయ్యి పొగ తగలకూడదు. ఒంటరిగా ఉండే ముసలామెకు ఆ చుక్కలు తనంతట తానుగా వేసుకోవడం కుదరదు. ఎవరో ఒకరు వెళ్లి, చేతులు కడుక్కుని, కింది రెప్ప మెల్లగా లాగి, సీసా మూతి రెప్పవెంట్రుకలకు తగలకుండా ఒక్క చుక్క వెయ్యాలి. రెండో మందుకు ముందు ఐదు నిమిషాలు ఆగాలి. ఏ మందు ఎప్పుడో చదవలేనామెకు మూత రంగుతో గుర్తు చెప్పాలి. మాజీ కెమిస్ట్ సారు ఈ పనికి వెళ్తే ఆయన కెమిస్ట్రీ అక్కడ ఎందుకూ కొరగాదు. చెయ్యి వణికితే ఆమె మొహం మీదే చెప్పేస్తుంది: ‘గట్ల గుచ్చుతవేంది బిడ్డా, నీ తోటి కాదు గని ఆ పోరిని రమ్మను.’ ఆ పోరి నర్సింగ్ చదువుతున్న ఇరవై ఏళ్ల అమ్మాయి. ఆమె దగ్గర ఆయన నేర్చుకోవాలి. ఆ ఐదు నిమిషాలు ఊరకే కూర్చోవడం కూడా అధికారం చేసినవాళ్లకు చేతగాని పనే. ముసలామె తన కొడుకు గురించి చెబుతుంటే సలహా ఇవ్వకుండా వినాలి. అలా ఒక నెల గడిపినాయన ఇంట్లో కోడలి మాట కూడా చివరిదాకా వినే అవకాశముంది. తప్పక వింటాడని నేను పూచీ పడను. వినడం తెలియనివాడికి ఆ అవకాశం కూడా ఉండదు కదా.

సేవంటే మనవాళ్లకు వెంటనే తోచేది దానం. ఈ జిల్లాలో దానానికి గొప్ప ఉదాహరణే ఉంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగులకు నిలువ నీడ కోసం ప్రయత్నిస్తున్నప్పుడు ఇందూరు (నిజామాబాద్) దాత రాజా నర్సాగౌడ్ ముందుకొచ్చి సాయం చేశాడు. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి 1915లో మొదలైంది. కుష్ఠు రోగిని ఊరి పొలిమేర దాటించి పంపేసే రోజుల్లో అది చిన్న తెగువ కాదు. ఆ సొమ్ము లేకపోతే ఆ ఆసుపత్రి అంత తొందరగా లేచేది కాదు. కానీ అక్కడ రోజూ పుండ్లు కడిగి కట్టుకట్టిన చేతులు లేకపోతే ఆ గోడలు ఎందుకు? ఊరికి రెండూ కావాలి. ఇచ్చేవాడి స్వభావం సంగతికొస్తే మాత్రం రెండూ ఒకటి కావు. డబ్బు ఇచ్చేచోట మనిషి ఎప్పుడూ పైనే ఉంటాడు: శిలాఫలకం, శాలువా, మైకులో పేరు. పనిచేసేచోట ఇంకొకరి కింద ఉండాల్సొస్తుంది. అరవై దాటినవాళ్లకు ఈ రెండోదే అలవాటు తప్పింది, అందుకే అదే కావాలంటున్నాను.

‘పెద్దవాళ్లు ఊరి పనుల్లో దిగితే ఏమవుతుందో మా జిల్లాకు తెలియదా’ అని నిజామాబాద్ పాఠకులు ఇప్పటికే అడుగుతుంటారు. తెలుసు. ఇక్కడి పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు, అందరి నోటా వీడీసీలు, పంచాయతీకి సమానంగా నడుస్తాయి. ఆర్మూరు దగ్గరి అంకాపూర్ విత్తనాల సాగుతో, మార్కెట్‌తో, ఊరి కట్టుబాటుతో దేశమంతా చెప్పుకునే ఊరైంది. అందులో కమిటీ పాత్ర ఉంది. అదే పేరుతో కమిటీలు జరిమానాలు వేయడం, మాట వినని కుటుంబాలతో ఎవరూ మాట్లాడొద్దని, కిరాణా సామాను అమ్మొద్దని సాంఘిక బహిష్కరణ చేయడం కూడా ఈ జిల్లా పత్రికల్లో ఏళ్లుగా వస్తున్న వార్తలే. దెబ్బతినేది ఎక్కువసార్లు దళిత కుటుంబాలో, చేతివృత్తులవాళ్లో. ఈ అభ్యంతరం నా వాదనను పడగొట్టదనీ, దానికి గట్టి సాక్ష్యమనీ నేననుకుంటాను. వీడీసీలో కూర్చున్న పెద్దమనిషికి వయసు చెల్లుతుంది, కులం చెల్లుతుంది, భూమి చెల్లుతుంది. ఇంట్లో తనకున్న అధికారాన్నే రచ్చబండ దాకా పొడిగించుకుంటాడు. దాన్ని సేవ అనలేం. బయట చేసే పని మనిషిని మెరుగుపరచాలంటే అక్కడ ఆయన్ను ప్రశ్నించేవాళ్లు ఉండాలి. లెక్కలు గోడ మీద రాసి ఉండాలి. పదవికి గడువుండాలి. ఆడవాళ్లు, మాదిగవాడ మనుషులు సంతకం పెట్టే స్థానంలో ఉండాలి. ఇవేవీ లేని కమిటీలో చేరిన పెద్దాయన ఏడాది తిరిగేసరికి ఇంట్లో కూడా భరించరాకుండా తయారవుతాడు. ఆయన చేరకపోతేనే ఊరికీ ఇంటికీ మేలు.

దీనికంటే బరువైన అభ్యంతరం బీడీల చాట ముందు కూర్చున్న ఆ నాయనమ్మది. ఇంటి పనితోనే నడుము విరుగుతుంటే మళ్లీ సమాజ సేవ చెయ్యమనడం ఎక్కడి న్యాయం? న్యాయం కాదు. సేవ గురించిన ఉపన్యాసాలు చాలావరకు పింఛనున్న మగవాళ్లు రాసినవి, ఇంట్లో చాయ్ ఇంకొకరు పెట్టిస్తే తాగి బయల్దేరేవాళ్లు రాసినవి. ఆమె విషయంలో మొదట జరగాల్సింది ఇంటి బాధ్యత కొంత దిగడం. మస్కట్ నుంచి వీడియో కాల్‌లో ‘అమ్మా, పైలం’ అనే కొడుకు, వారంలో రెండు రోజులు పిల్లల్ని ఎవరు చూస్తారో కూడా అదే కాల్‌లో తేల్చాలి, దానికయ్యే ఖర్చూ పంపాలి. ఇంట్లో ఖాళీగా కూర్చున్న తాత పిల్లల జడలు వెయ్యడం నేర్చుకోవచ్చు, చేతులకేం తక్కువ లేదు. ఆ తీరిక దొరికాక ఆమె ఎక్కడికెళ్లాలో మనం చెప్పక్కర్లేదు. పొదుపు సంఘం ఉండనే ఉంది. అక్కడ ఆమె అత్త కాదు, నాయనమ్మ కాదు. అందరిలాగే ఒక సభ్యురాలు, అప్పు తీర్చకపోతే అందరిలాగే మాటపడుతుంది. తన కోడలి వయసామె సంఘం లీడరైతే ఆమె చెప్పినట్టు వినాలి. ఇంట్లో ఎన్ని తగాదాలు పడినా నేర్చుకోలేనిది అక్కడ రెండు మీటింగుల్లో వంటబడుతుంది. ఇంటి పెత్తనం మీద పట్టు సడలించడానికి చాలామంది అత్తలకు సంఘం పనికొచ్చి ఉంటుందని నా ఊహ.

ఇంకొందరు రాజకీయంగా అడుగుతారు. ఆసుపత్రిలో నర్సుల ఖాళీలు నింపకుండా, మిల్లు కార్మికుల బకాయిలు తేల్చకుండా, ముసలివాళ్లతో ఉచితంగా చాకిరీ చేయించి ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి ఈ సేవా ప్రబోధాలు పనికొస్తాయి కదా అని. పనికొస్తాయి, అందుకే జాగ్రత్త కావాలి. జీతమిచ్చి చేయించాల్సిన పనిలో ఖాళీ పూడ్చడానికి వెళ్లకూడదు. ఆ ఖాళీ ఎందుకుందని అడగడానికి వెళ్లడం కూడా సేవే. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పట్టించుకోకపోతే ఆర్డీవో ముందున్న ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. లాయరు అక్కర్లేదు. నెలకు పది వేల దాకా భరణం ఇప్పించే వీలుంది. చూసుకుంటారని నమ్మి రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు కాగితంలో ఉంటే, వెనక్కి తెచ్చుకునే దారీ ఉంది. కొడుక్కి ఇల్లు రాసిచ్చి వరండాలో పడుకుంటున్న మనిషికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? కలెక్టరేటులో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు తిప్పి రిటైరైన గుమస్తా చెప్పాలి. ఆ దరఖాస్తు ఎలా రాస్తే పక్కన పడేయరో ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య పింఛను ఏ నెలలో ఎందుకు ఆగిందో, వేలిముద్ర పడకపోతే ఎవరిని అడగాలో చెప్పడం కూడా ఈ కోవలోదే. ఇలాంటి సేవ ప్రభుత్వాన్ని తప్పించుకోనివ్వదు, పనిచేయిస్తుంది.

ఏ పని ఎంచుకోవాలన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. నాకున్నది ఒక్క అభిప్రాయం: తనకు మాత్రమే తెలిసిన పనిని, తాను చిన్నవాడిగా ఉండాల్సిన పనిని జత చేసుకుంటే మంచిది. మొదటిదానికి ఈ ప్రాంతంలో చక్కని ఉదాహరణ ఉంది. హైదరాబాద్ రాజ్యం నాటి భూమి రికార్డులు, సేత్వార్ల వంటివి, ఉర్దూలో ఉంటాయి. అందులోనూ గొలుసుకట్టు షికస్తా రాతలో. తాతల నాటి సర్వే నంబరు గొడవ తేలాలంటే ఆ కాగితం చదవాలి. బోధన్‌లో, నిజామాబాద్ పాతబస్తీలో ఆ రాత చదవగలిగిన పెద్దలు ఇంకా కొందరున్నారు. వాళ్లు ఎంతమందికి చదివిపెట్టినా తక్కువే. అసలు చేయాల్సింది ఇద్దరు కుర్రాళ్లకు ఆ రాత నేర్పడం. ఇక్కడే మనిషి పరీక్షకు నిలబడతాడు. నేర్పేస్తే తన కోసం వచ్చేవాళ్లుండరు, ‘మౌల్వీ సాబ్‌ను అడగండి’ అనేవాళ్లుండరు. అంత దూరం వెళ్లి నేర్పినవాడే ఎదిగినవాడు. పేరు కోసం చేసే సేవకూ అవతలివాళ్ల కోసం చేసే సేవకూ తేడా ఉంటుందని అమెరికాలో విస్కాన్సిన్ వాసుల మీద 2012లో వచ్చిన పరిశోధన కూడా చెప్పింది. తమ లాభం కోసం సేవ చేసినవాళ్ల ఆయుష్షు, అసలేమీ చేయనివాళ్ల ఆయుష్షు ఇంచుమించు ఒకటే. కాబట్టి ఈ వ్యాసం చదివి ఆయుష్షు పెంచుకుందామని సేవకు బయల్దేరేవాళ్లకు ఆశపెట్టేదేమీ లేదు. ఎంత సేపు చెయ్యాలంటారా? డెబ్భై దాటినవాళ్ల మీద 2002లో వచ్చిన ఒక అధ్యయనం ఏడాదికి వంద గంటల దగ్గర మేలు కనబడుతుందనీ, అంతకు మించి చేసినా అదనంగా ఒరిగేదేమీ లేదనీ చెప్పింది. వారానికి రెండు గంటలన్నమాట. ఇంటి బాధ్యతను పక్కన పెట్టకుండానే దొరికే సమయమది.

ఎనభై దాటి, మోకాళ్లు మొరాయించి, కళ్లు పోయి, ఏ శిబిరానికీ వెళ్లలేని రోజు వచ్చినప్పుడు ఈ వాదన ఏమవుతుందని చివరి ప్రశ్న. అప్పుడు సేవ చేయించుకోవడమే పని, అది చేయడం కంటే కష్టం. ఇంట్లో మాత్రమే పెద్దరికం వెలగబెట్టినాయన మంచం మీద నుంచి కూడా ఆజ్ఞలే జారీ చేస్తాడు. డైపరు మార్చే కోడలిని పేరు పెట్టి కూడా పిలవడు. బయట మాత్రమే తిరిగినాయనకు ఇంట్లోవాళ్లతో మాటలే ఉండవు, సన్మానపత్రాలు గోడకుంటాయి. ఊళ్లో ముక్కూమొహం తెలియనివాళ్ల కళ్లల్లో చుక్కలు వేసినవాళ్లకు, చుక్కలు వేసేవాళ్ల ఇబ్బంది తెలుసు. ‘అమ్మా, ఇవాళ నువ్వు అలిసిపోయావు, ఈ పూట స్నానం వద్దులే, గుడ్డతో తుడువు చాలు’ అనగలుగుతారు. రాత్రిపూట రెండుసార్లు లేపాల్సింది ఒక్కసారే లేపుతారు. వాళ్లను చూసుకునేవాళ్లు తక్కువగా నలుగుతారు, ఎక్కువ రోజులు ఓపిగ్గా చూసుకుంటారు. పొద్దున మందు బిళ్లలు ఇచ్చేటప్పుడు విసుక్కోకుండా నాలుగు మాటలు మాట్లాడతారు. ఇంటి పనీ బయటి పనీ కలిసి నేర్పిన విద్యకు వాడకం ఎక్కువగా ఉండేది ఆ ఆఖరి ఏళ్లలోనే.